మన ఫైళ్లలోనే ఉన్న వార్త

(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఎవరి జ్ఞాపకంగా ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆయన్ని డెస్కులో మేమెవరం పేరు పెట్టి పిలవలేదు. మాస్టారు అనేవాళ్లం. ఈ సాయంత్రం కూడా నా నోటికి ఆ పిలుపే వస్తుంది. ఆయన పుస్తకాలు రాయలేదు, వేదికలెక్కలేదు. ముప్పై ఏళ్లు ఇతరులు రాసిన కాపీ దిద్దారు. ఆయన కుర్చీ వెనకాల ఒక ఇనుప బీరువా ఉండేది. దాని నిండా అట్ట ఫైళ్లు, ఫైళ్ల నిండా కత్తిరించి అంటించిన వార్తలు. పోటీ పత్రికల క్లిప్పింగులు దాచుకునేవాళ్లను చాలామందిని చూశాను. మాస్టారు మాత్రం మా పత్రికలో వచ్చినవే దాచేవారు. ఎందుకండీ అని అడిగితే, "మనం ఏం రాశామో మనకే గుర్తుండదు గదయ్యా" అనేవారు.

ఇవాళ్టి ప్రసంగానికి నేను 'స్పాట్‌లైట్' సినిమాను ఎంచుకున్నాను. 2015లో వచ్చిన అమెరికన్ సినిమా అది. పత్రికల మీద సినిమాలు చాలా వచ్చాయి. దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, మొదటిసారి చూసినప్పుడు సగం దాటేసరికి నా కళ్లకు తెర బదులు మాస్టారి బీరువా కనిపించింది. ఆ కారణం చెప్పడానికే ఈ గంట సమయం తీసుకుంటున్నాను.

ఊరు, పత్రిక, కొత్త ఎడిటర్

మసాచుసెట్స్ రాష్ట్ర రాజధాని బోస్టన్. ఐర్లండ్ నుంచి, ఇటలీ నుంచి వలసవచ్చిన కుటుంబాలు పెంచిన ఊరు. కేథలిక్కుల ఊరు. ఈ కథ జరిగిన రోజుల్లో అక్కడి అగ్రపీఠం (ఆర్చ్‌డయాసిస్) కింద సుమారు ఇరవై లక్షల మంది విశ్వాసులుండేవారు. పోలీసులు, వకీళ్లు, జడ్జీలు, రాజకీయ నాయకులు, విలేఖరులు, వీళ్లలో ఎంతోమంది ఆ గుళ్లలోనే జ్ఞానస్నానం పొందారు, ఆ మిషన్ బళ్లలోనే చదువుకున్నారు. ఆ ఊరి పెద్ద పత్రిక 'బోస్టన్ గ్లోబ్'. అందులో 1970 నుంచి 'స్పాట్‌లైట్' అని ఒక చిన్న బృందం ఉంది. రోజువారీ వార్తలతో వాళ్లకు పని లేదు. ఒక్క విషయం పట్టుకుని నెలల తరబడి తవ్వుతారు.

2001 జులై నెలాఖరులో మయామీ నుంచి మార్టీ బారన్ కొత్త ఎడిటర్‌గా వచ్చాడు. ఆ ఊళ్లో పుట్టినవాడు కాదు. యూదుడు. ఆయన చేరడానికి ముందురోజు, ఆదివారం సంచికలో పత్రిక కాలమిస్టు ఐలీన్ మెక్‌నమారా ఒక కాలమ్ రాసింది. జాన్ గేగన్ అనే ఫాదరు మీద పిల్లలపై లైంగిక దాడుల కేసులు నడుస్తున్నాయి, ఆ కాగితాలన్నీ కోర్టులో సీలు వేసి ఉన్నాయి, నిజమేమిటో ఎవరికీ తెలిసే దారి లేదు అన్నది దాని సారాంశం. బారన్ మొదటి సమావేశంలోనే అడిగాడు: దీనికి ఫాలోఅప్ ఏమిటి? ఆ సీలు తీయించమని మనం కోర్టుకు వెళ్లకూడదా? గదిలో ఉన్నవాళ్లలో తెలివితక్కువ వాళ్లెవరూ లేరు. అయినా ఆ ప్రశ్న అంతకుముందు ఎవరికీ రాలేదు. పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్న గోడలో తలుపు ఉండొచ్చని ఎవరూ తడిమి చూడరు.

వాల్టర్ రాబిన్సన్ నాయకత్వంలో మైకేల్ రెజెండెస్, సాషా ఫైఫర్, మాట్ కారల్ పని మొదలుపెట్టారు. మధ్యలో సెప్టెంబర్ 11 వచ్చింది. న్యూయార్క్ జంట భవనాలను ఢీకొన్న రెండు విమానాలూ బోస్టన్ నుంచే లేచాయి. కొన్ని వారాలు ఈ పని పక్కన పెట్టాల్సి వచ్చింది. మళ్లీ మొదలుపెట్టి, 2002 జనవరి 6, ముగ్గురు రాజుల పండుగ ఆదివారం నాడు మొదటి కథనం వేశారు. ఆ ఒక్క ఏడాదిలోనే దాదాపు 600 కథనాలు వచ్చాయి. 2003లో ప్రజాసేవకిచ్చే పులిట్జర్ బహుమతి గ్లోబ్‌కు దక్కింది. ఈ పని మీద టామ్ మెకార్తీ, జాష్ సింగర్‌తో కలిసి రాసి, తానే దర్శకత్వం వహించిన సినిమాకు 2016 ఆస్కార్ వేడుకలో ఉత్తమ చిత్రం, ఉత్తమ మౌలిక స్క్రీన్‌ప్లే బహుమతులు వచ్చాయి.

బదిలీ అనే మాట

తెలుగువాళ్లకు ఈ కథను ఒక్క మాటలో చెప్పాలంటే నేను 'బదిలీ' అంటాను. ఏదైనా ఆఫీసులో, బడిలో, హాస్టల్లో తప్పు జరిగిందని గోల లేస్తే, నాలుగు రోజుల తర్వాత మనం వినే మాట అదే కదా. "ఆయన్ని బదిలీ చేసేశార్లెండి." ఆ మాట చెవిన పడగానే ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. ఇంకో ఊరికి ఆ మనిషి కొత్తవాడిగా దిగుతాడు.

గేగన్ 1962లో గురువుగా, అంటే ఫాదరుగా, అభిషిక్తుడయ్యాడు. ముప్పై ఏళ్లలో అరడజను విచారణల్లో పనిచేశాడు. కేథలిక్కులు కాని శ్రోతలకు ఒక మాట చెప్పాలి. ఒక గుడి, దాని చుట్టూ ఉన్న విశ్వాసుల కుటుంబాలు కలిస్తే దాన్ని మన తెలుగు కేథలిక్కులు 'విచారణ' అంటారు. అక్కడి ఫాదరు విచారణ గురువు. అందరి బాగోగులు విచారించవలసినవాడు. తండ్రి లేని ఇళ్లకు, సంపాదన చాలని తల్లుల దగ్గరకు గేగన్ ఆ చనువుతోనే వెళ్లేవాడు. పిల్లల్ని ఐస్‌క్రీముకు తీసుకెళ్లేవాడు, రాత్రి పడుకునేముందు ప్రార్థన చెప్పించేవాడు. ఫాదరు తమ ఇంటికి రావడమే భాగ్యమనుకున్న తల్లులు వాళ్లు. గ్లోబ్ మొదటి కథనం వేసే నాటికి, అతను తమను బాల్యంలో చెరిచాడని 130 మందికి పైగా ముందుకొచ్చారు.

పైవాళ్లకు తెలియదా? తెలుసు. 1982లో ఒక కుటుంబానికి చెందిన స్త్రీ అప్పటి కార్డినల్‌కు ఉత్తరం రాసింది. తమ కుటుంబాల్లో ఏడుగురు మగపిల్లల్ని ఇతను పాడుచేశాడని, ఇంకా ఫాదరుగా ఎలా ఉంచారని అడిగింది. 1984లో బెర్నార్డ్ లా బోస్టన్ అగ్రపీఠాధిపతిగా వచ్చాడు. ఆ ఏడాదే గేగన్‌ను వెస్టన్ అనే ఊరి విచారణకు మార్చారు. ఇది మంచిది కాదని సహాయ పీఠాధిపతి ఒకాయన ఆ డిసెంబర్‌లోనే లిఖితపూర్వకంగా హెచ్చరించాడు. అయినా 1993 దాకా గేగన్ అక్కడే ఉన్నాడు. ఉత్తరాలన్నీ ఫైళ్లలో భద్రంగా ఉన్నాయి.

ఇది ఎలా సాగిందో కూడా తెలుసుకోవాలి. మసాచుసెట్స్ చట్టం ప్రకారం ధర్మసంస్థ మీద దావా గెలిచినా నష్టపరిహారం 20,000 డాలర్లకు మించదు. కాబట్టి కోర్టుకెక్కి పదిమందిలో చెప్పుకోవడం కంటే, గుట్టుగా రాజీ కుదుర్చుకోవడమే మేలని వకీళ్లు చెప్పేవారు. రాజీ పత్రంలో నోరు విప్పకూడదన్న షరతు ఉండేది. కేసే వేయకపోతే కోర్టులో కాగితమే ఉండదు. పైగా పిల్లలపై అత్యాచారం గురించి తెలిస్తే అధికారులకు చెప్పి తీరాలన్న నిబంధన, డాక్టర్లకూ టీచర్లకూ ఉన్నట్టు, అప్పట్లో ఆ రాష్ట్రంలో మతగురువులకు లేదు. 2002లో ఇదంతా బయటపడ్డాకే దాన్ని చేర్చారు. బాధితుడికి సిగ్గు, కుటుంబానికి భక్తి, వకీలుకు ఫీజు, పీఠానికి పరువు. ఎవరి కారణం వాళ్లకుంది. అన్ని కారణాలూ కలిసి ఒక్క మనిషిని ఊరి మీదికి వదిలాయి.

సినిమాలో బాధితుల వకీలు మిచెల్ గారబీడియన్ పాత్ర ఇదే సంగతి ఇంకోలా అంటుంది. ఒక పిల్లవాణ్ణి పెంచడానికి ఊరంతా కావాలంటారు, వాణ్ణి చెరచడానికీ ఊరంతా కావాలి అని. ఆర్మేనియన్ కుటుంబంలో పుట్టినవాడు ఆ వకీలు. బయటినుంచి వచ్చిన ఎడిటరు, బయటివాడిగా మిగిలిన వకీలు. ఊరిని ఊరుగా చూడగలిగింది ముందు వాళ్లిద్దరే.

డైరెక్టరీలు తిరగేసిన చేతులు

పరిశోధన అనగానే చాలామంది కుర్రవాళ్లకు రహస్య కెమెరాలు, చీకట్లో కలుసుకునే మనుషులు గుర్తొస్తారు. ఈ సినిమాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన దృశ్యాల్లో నలుగురు మనుషులు స్కేళ్లు పెట్టుకుని, అట్ట పుస్తకాల్లో వరసలు చదువుతుంటారు. ఏటా పంచాంగంలా అచ్చయ్యే చర్చి డైరెక్టరీలవి. ఏ ఫాదరు ఏ విచారణలో ఉన్నాడో అందులో ఉంటుంది. కొందరి పేర్ల పక్కన 'అనారోగ్య సెలవు', 'నియామకం లేదు' వంటి మాటలుంటాయి. ఒక ఏడాది ఆ మాట కనిపించిందంటే జ్వరమొచ్చి ఉండొచ్చు. ఒకే ఫాదరు రెండు మూడేళ్లకొకసారి ఊరు మారుతూ, మధ్యమధ్య ఆ సెలవులో కనిపిస్తుంటే, అప్పుడు ఆగి చూడాలి. మాట్ కారల్ ఆ పేర్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. బాధితుల నోట విన్న పేర్లతో సరిచూశారు.

సినిమాలో రిచర్డ్ సైప్ అనే మాజీ గురువు, మానసిక చికిత్సకుడు, ఫోన్లో ఒక అంచనా చెబుతాడు. గురువుల్లో సుమారు 6 శాతం ఇలాంటి పనులు చేసేవాళ్లుంటారని తన అనుభవం అంటాడు. బోస్టన్‌లో 1,500 మంది గురువులుంటే ఆ లెక్కన 90 మంది కావాలి. పదమూడు మంది ఫాదర్ల పేర్ల దగ్గర మొదలైన బృందానికి ఆ సంఖ్య మింగుడు పడదు. డైరెక్టరీలు తిరగేసి లెక్క కట్టాక వాళ్ల చేతిలో 87 పేర్లు నిలుస్తాయి. ఇందులో దొంగచాటుగా తెచ్చిన కాగితం ఒక్కటీ లేదు. గ్రంథాలయంలో ఎవరైనా అడిగి తీసుకోగల పుస్తకాలే అన్నీ.

అటుపక్క కోర్టులో గ్లోబ్ వేసిన పిటిషన్ మీద జడ్జి కాన్‌స్టెన్స్ స్వీనీ 2001 నవంబర్‌లో కాగితాలు తెరవమని ఆదేశించింది. ఆమె కూడా కేథలిక్కు బళ్లలో చదువుకున్న మనిషే. జనవరి చివర్లో ఆ వేల పేజీలు జనం ముందుకొచ్చాయి.

ఒక చోట సినిమా మన వృత్తికి పెద్ద పాఠం చెబుతుంది. చేతికి ఆధారం దొరికింది, పోటీ పత్రిక వాసన పట్టేలా ఉంది, రెజెండెస్ వెంటనే వేసేద్దామని కేకలేస్తాడు. పిల్లలు ఇంకా ప్రమాదంలో ఉన్నారన్నది అతని ఆవేదన. రాబిన్సన్ ఆగమంటాడు. బారన్ చెప్పింది అదే. ఒక్క ఫాదరు పేరు వేస్తే ఆయన్ని తప్పిస్తారు, క్షమాపణ చెబుతారు, మిగతాదంతా అలాగే ఉంటుంది. మనం చూపవలసింది పైనుంచి కిందిదాకా నడిచిన పద్ధతిని. నా లెక్కలో ఇద్దరి బాధా న్యాయమైందే. వార్త ఆపిన ప్రతి రోజుకూ ఒక మూల్యం ఉంటుందని రెజెండెస్‌కు తెలుసు. సగం వార్త వేస్తే దానికీ మూల్యం ఉంటుందని రాబిన్సన్‌కు ఇంకా బాగా తెలియబోతోంది.

మాటల సంగతి కూడా చెప్పాలి. సాషా ఫైఫర్ పాత్ర ఒక బాధితుడితో మాట్లాడుతుంది. అతను జరిగినదాన్ని ఒక మర్యాదైన మాటతో దాటేస్తే, ఆమె మెల్లగా, ఆ మాట చాలదు, అసలేం జరిగిందో చెప్పాలి అంటుంది. మనం 'అసభ్య ప్రవర్తన' అని రాస్తాం. ఆ మాట వెనక ఏం జరిగిందో పాఠకుడికి తెలియదు, తెలుసుకోనక్కర్లేకుండా పోతుంది. బాధితుడి పేరు దాచాలి, నేరాన్ని మాత్రం మాటల్లో దాచకూడదు. దర్శకుడు కూడా ఆ గీత దాటలేదు. రెండు గంటల పైచిలుకు సినిమాలో ఒక్క దాడినీ తెర మీద చూపలేదు. పెద్దవాళ్లయిన ఆ పిల్లలు మాట్లాడతారు, ఎదుట కూర్చున్నవాళ్లు రాసుకుంటారు. ఆ రాసుకునే ముఖాల మీదే కెమెరా నిలబడుతుంది.

1993

ఇప్పుడు నేను ఎందుకు ఈ సినిమా గురించి మాట్లాడుతున్నానో ఆ చోటికి వచ్చాను.

1992లో బోస్టన్‌కు దగ్గర్లోని ఫాల్ రివర్ కేథలిక్కు పీఠంలో జేమ్స్ పోర్టర్ అనే మాజీ ఫాదరు కేసు బయటపడింది. అప్పుడు గ్లోబ్ బాగానే రాసింది. ఎంత బాగా రాసిందంటే, బోస్టన్ అగ్రపీఠాధిపతి కార్డినల్ లా పత్రికల మీదికి, ముఖ్యంగా గ్లోబ్ మీదికి, దేవుని శక్తి దిగిరావాలని బాహాటంగా అన్నాడు. ఆ వేడి చల్లారింది. 1993లో ఎరిక్ మెక్‌లీష్ అనే వకీలు బోస్టన్‌లోనే పిల్లల్ని పాడుచేసిన ఫాదర్లు ఇరవై మంది ఉన్నారని గ్లోబ్‌కు తెలిపాడు. ఆ వార్త నగర వార్తల విభాగంలో, లోపలి పేజీలో, చిన్నగా వచ్చి పోయింది. ఫాలోఅప్ లేదు. ఆ విభాగానికి అప్పుడు ఎడిటర్ ఎవరు? వాల్టర్ రాబిన్సన్.

సినిమాలో రాబిన్సన్ మెక్‌లీష్‌ను నిలదీస్తాడు. ఇంతకాలం రాజీలు చేయించి డబ్బు తీసుకున్నావు, ఊరికి ఎందుకు చెప్పలేదు అంటాడు. నేను ఎప్పుడో పంపాను, మీరే పూడ్చేశారు అంటాడు వకీలు. సాషా పాత క్లిప్పింగు వెతికి తెస్తుంది. బాధితుల సంఘం నడిపే ఫిల్ సవియానో కూడా, కాగితాల పెట్టె పట్టుకుని ఆఫీసుకు వచ్చినప్పుడు అదే అంటాడు. ఇవన్నీ ఐదేళ్ల కిందట మీకే పంపానని.

కథనం అచ్చుకు వెళ్లేముందు గదిలో అందరూ ఒకరినొకరు ప్రశ్నించుకుంటుంటే, ఆ విభాగం చూసింది నేనే అని రాబిన్సన్ ఒప్పుకుంటాడు. బారన్ చెప్పే సమాధానం నాకు మరపు రాదు. మనం ఎక్కువకాలం చీకట్లో తడుముకుంటూనే ఉంటాం, హఠాత్తుగా దీపం వెలిగితే పంచుకోవడానికి నింద అందరికీ సరిపడా ఉంటుంది అంటాడు. తర్వాత, ఇప్పుడు చేసిన పని మంచిదని కూడా చెబుతాడు.

ఈ 1993 సంగతిని వెలికితీసింది సినిమా రచయితలే. కథానాయకుల మీదే వాళ్ల పరిశోధన తిరిగింది. అసలు రాబిన్సన్ దాన్ని తెర మీద వద్దనలేదు. చర్చిని ప్రశ్నించినందుకు ఆ పత్రిక మీద నాకు గౌరవం కలిగింది. తనను తాను ప్రశ్నించనిచ్చినందుకు నమ్మకం కలిగింది.

మనం తరచుగా అనుకుంటాం, నిజం ఎవరికీ తెలియకపోవడం వల్ల అన్యాయం బతుకుతుందని. బోస్టన్‌లో పోలీసుకు కొంత తెలుసు, వకీలుకు కొంత, డాక్టరుకు కొంత, తల్లికి కొంత, పత్రికకు కొంత. ఎవరికీ తెలియనిది చాలా తక్కువ. ఆ ముక్కలన్నీ ఒక బల్ల మీదికి చేరలేదు. చేర్చడం ఎవరి ఉద్యోగం? మన ఉద్యోగం. అందులో ఒక ముక్క మన ఫైల్లోనే ఉంటే, ముందు దాన్నే తీయాలి.

రెండు క్లిప్పింగులు

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. మాస్టారి పేరున మాట్లాడుతూ దీన్ని దాచడం న్యాయం కాదు.

నేను జిల్లా ఎడిషన్ డెస్కులో చేరిన కొత్తలో ఒక మండలం కంట్రిబ్యూటర్ నాలుగు లైన్లు పంపాడు. ఒక హాస్టల్ నుంచి ముగ్గురు పిల్లలు రాత్రిపూట గోడ దూకి పారిపోయారు, తెల్లవారి బస్టాండులో దొరికితే పోలీసులు తిరిగి అప్పగించారు. నేను హెడ్డింగు పెట్టి, సింగిల్ కాలమ్ చేసి, అడుగున వేశాను. ఆ పూటకు నా పని అయిపోయింది. మరుసటి ఏడాది, అదే హాస్టల్, మళ్లీ ఇద్దరు. మళ్లీ నాలుగు లైన్లు. మళ్లీ నేనే. ఆ ముందు వార్త నాకు గుర్తు కూడా రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు రెండు కత్తిరింపులు తెచ్చి నా ముందు పక్కపక్కన పెట్టారు. వాటి మీద ఎర్ర సిరాతో తేదీలు వేసి ఉన్నాయి. "ఇవి రెండు వార్తలనుకున్నావా?" అని అడిగారు. కాసేపాగి, "పిల్లలు ఎటు పోయారో రాశావు. ఎందుకు పోయారో అడగలేదేమయ్యా?" అన్నారు. కోప్పడలేదు. ఆ రోజే ఆ ఊరికి ఫోన్ చేశాను. వార్డెన్‌ను బదిలీ చేశారని చెప్పారు. ఇంక అంతా బాగానే ఉందన్నారు. నేను నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది కాబట్టి నమ్మాను.

'స్పాట్‌లైట్'లో రాబిన్సన్ ముందుకు పాత క్లిప్పింగు వచ్చినప్పుడు, ఆ నటుడి ముఖంలో కదిలింది నాకు తెలిసినదే. మైకేల్ కీటన్ ఆ పాత్ర వేశాడు. ఏడవడు, అరవడు. ఒక్క క్షణం నిశ్చలంగా ఉండిపోతాడు.

విశ్వాసులు, తర్వాతి కాలం

ఈ సినిమాను మతం మీద దాడిగా చూసినవాళ్లున్నారు. వాళ్ల బాధను నేను తేలిగ్గా తీసిపారేయను. సభలోనూ కేథలిక్కు మిత్రులున్నారు. సాషా వాళ్ల అవ్వ వారానికి మూడుసార్లు గుడికెళ్లే మనిషిగా సినిమాలో కనిపిస్తుంది. చివర్లో ఆమె మనుమరాలి కథనం చదివి ఒక గ్లాసు నీళ్లడుగుతుంది. ఆ గ్లాసు నీళ్లలో విశ్వాసి పడే బాధంతా ఉంది. బయటివాడి కోపం కంటే ఆ బాధ లోతైనది.

బోస్టన్‌లో మార్పు అడిగినవాళ్లలో ముందున్నది విశ్వాసులే. 2002లో వెల్స్‌లీ అనే ఊళ్లో ఒక గుడి నేలమాళిగలో కూర్చున్న కొద్దిమంది మామూలు విశ్వాసులు 'వాయిస్ ఆఫ్ ద ఫెయిత్‌ఫుల్' అనే సంఘం పెట్టారు. ఆ డిసెంబర్‌లో 58 మంది ఫాదర్లు తమ కార్డినల్ రాజీనామా చేయాలని సంతకాలు పెట్టారు. తమ పైవాడి మీద సంతకం పెట్టడం ఎంత కష్టమో ఉద్యోగాలు చేసిన మనకందరికీ తెలుసు. డిసెంబర్ 13న లా రాజీనామా చేశాడు. ఆస్కార్ వచ్చిన మర్నాడు వాటికన్ పత్రిక 'లొస్సర్వతోరె రొమానో'లో వచ్చిన వ్యాసం కూడా ఇది కేథలిక్కులకు వ్యతిరేకమైన సినిమా కాదనే రాసింది.

అయితే కథ సుఖాంతమని నేను చెప్పలేను. గేగన్‌కు 2002లో శిక్ష పడింది, మరుసటి ఏడాది జైల్లో తోటి ఖైదీ చేతిలో చనిపోయాడు. 2003లో బోస్టన్ అగ్రపీఠం 550 మందికి పైగా బాధితులకు 8.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. కార్డినల్ లా? 2004లో రోమ్‌లోని శాంతా మరియా మజ్జోరె మహాదేవాలయానికి ప్రధాన గురువుగా నియమించారు. 2017లో మరణించేదాకా రోమ్‌లోనే ఉన్నాడు. దాన్ని కూడా బదిలీ అనే అనాలి.

అమెరికా పీఠాధిపతులే చేయించిన అధ్యయనం 2004లో వచ్చింది. 1950 నుంచి 2002 వరకు 4,392 మంది గురువుల మీద ఆరోపణలు నమోదయ్యాయని, ఆరోపించినవారు 10,667 మంది అని తేల్చింది. 2018లో పెన్సిల్వేనియా గ్రాండ్ జ్యూరీ 300 మందికి పైగా ఫాదర్ల మీద నివేదిక ఇచ్చింది. 2019 డిసెంబర్‌లో పోప్ ఫ్రాన్సిస్ ఇలాంటి కేసుల మీద ఉన్న వాటికన్ రహస్య నిబంధనను ఎత్తేశాడు. 2002 జనవరి నాటి ఆ ఆదివారం పత్రికకూ ఈ ఆదేశానికీ మధ్య దాదాపు పద్దెనిమిదేళ్లు.

నిజం చెప్పే సినిమాకు కూడా నిజం విషయంలో జాగ్రత్త కావాలి. బోస్టన్ కాలేజీ అధికార ప్రతినిధి ఒకాయన, తనను నేరం కప్పిపుచ్చినవాడిగా చూపారని, ఆ మాటలు తాను అననే లేదని పోరాడాడు. 2016లో సినిమా పంపిణీ సంస్థ ఆ సంభాషణ కల్పితమని ఒప్పుకుంది. సినిమాను ప్రేమించేవాళ్లం ఈ మాట కూడా చెప్పుకోవాలి. ఒక మనిషి పేరు వాడితే, అతని నోట పెట్టే ప్రతి మాటకూ బాధ్యత ఉంటుంది.

మన దేశంలో చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. టీచరు, వార్డెను, పూజారి, ఫాదరు, మౌల్వీ, విలేఖరి, ఎవరికీ మినహాయింపు లేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. 23వ సెక్షన్ పిల్లల పేరు, ఊరు, బడి, ఆనవాలు పట్టే ఏ వివరమూ మీడియా బయటపెట్టకూడదంటుంది. అంటే చట్టం మన చేతికి ఒక పని ఇచ్చింది, మన కలానికి ఒక హద్దు గీసింది. రెండూ పిల్లల కోసమే. చట్టం రాసిన కాగితం ఉన్నా, 'బదిలీ చేశార్లే' అన్న మాట దగ్గర మనం ఆగిపోతే అది అక్కరకు రాదు.

మోగిన ఫోన్లు

సినిమా చివరి దృశ్యం చెప్పి ముగిస్తాను. ఆదివారం ఉదయం. పత్రిక గుమ్మాల ముందు పడింది. కథనం పక్కన ఒక ఫోన్ నంబరు వేశారు. రాబిన్సన్ ఆఫీసుకు వస్తాడు. నిరసనకారులు ఉంటారేమోనని అందరూ అనుకున్నారు. రోడ్డు మీద ఎవరూ లేరు. లోపల, నేలమాళిగలో ఉన్న చిన్న గదిలో అన్ని ఫోన్లూ ఒకేసారి మోగుతున్నాయి. సాషా, మాట్ రాసుకుంటూనే ఉన్నారు. చేసినవాళ్లంతా బాధితులే. ప్రతివాళ్లూ ఇన్నేళ్లూ తామొక్కళ్లమే అనుకున్నవాళ్లు. రాబిన్సన్ ఒక ఫోన్ ఎత్తుతాడు. అక్కడితో సినిమా అయిపోతుంది. బహుమతుల ప్రస్తావన లేదు, చప్పట్లు లేవు. పని అక్కడే మొదలైంది.

జర్నలిజం చదువుతున్న పిల్లల్ని నేను ఒక్కటే అడుగుతాను. మీరు ఏ పత్రికలో, ఏ చానల్లో చేరినా మొదటి నెలలో దాని పాత సంచికలు తిరగేయండి. జిల్లా పేజీలు, లోపలి పేజీలు, సింగిల్ కాలమ్‌లు చదవండి. పిల్లలు పారిపోయిన వార్తలు, వార్డెన్‌లు బదిలీ అయిన వార్తలు, 'విచారణకు ఆదేశించారు' అని ముగిసిన వార్తలు చూడండి. ఏ రెండిటినైనా పక్కపక్కన పెట్టి చూడండి. ఆ రెంటికీ మధ్య ఉన్న ఖాళీలో ఎవరో ఒక పిల్లవాడు మీ ఫోన్ కోసం ఎదురుచూస్తుంటాడు.

మాస్టారు నా ముందు పెట్టిన ఆ రెండు కత్తిరింపులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. కాగితం పసుపుపచ్చగా మారింది. ఎర్ర సిరా తేదీలు మాత్రం చదవడానికి వీలుగానే ఉన్నాయి. వాటి పక్కన మూడో కత్తిరింపు ఒకటి ఉండాలి. దాన్ని నేను రాయవలసింది. రాయలేదు. నా తర్వాత వచ్చినవాళ్లు దాన్ని రాసేందుకు నేను తోడ్పడతానని ఈ వేదిక మీద మాస్టారి పేరున మాట ఇస్తున్నాను.